పూల పటములను గూర్చి మన సంఘము ఒక నియమము చేసికొనవలెను

పూలసాగు చేయు మన సభ్యులకు ఇప్పుడు రెండు కోతలు కలవు. మొదటిది తెల్లవారుజామున తోటలో పూలు కోయుట. రెండవది ఆ పూలకు సెల్‌ఫోనుతో ఛాయాపటము తీసి, దాని అంచులు కోసి, బేరగానికి పంపుట. మొదటి కోతయందు మనవారికి తరతరముల నేర్పు కలదు. రెండవ దానియందు ఎవరికి తోచినట్లు వారు చేయుచున్నారు. దీనివలన సంఘమునకు నష్టము కలుగుచున్నదని మా అభిప్రాయము. అందువలననే ఈ నెల ఎరువుల ధరలను గూర్చి వ్రాయవలసిన చోటును ఈ విషయమునకు వినియోగించుచున్నాము.

పూర్వము బేరగాడు గంపలో మోచేతివఱకు చేయి జొనిపి, అడుగుపూలను పైకి దీసి చూచి ధర చెప్పెడివాడు. నేడు హైదరాబాదు గుడిమల్కాపూర్ బజారులోని వర్తకుడైనను, అంతకన్న దూరముననున్న కొనుగోలుదారుడైనను, బండి కదలకమునుపే పటము నడుగుచున్నాడు. దానిని చూచియే ధర చెప్పుచున్నాడు. సరుకు చేరిన పిదప అదే పటమును ఎదుట పెట్టుకొని ధర తగ్గించుచున్నాడు. పటము మన పక్షమున సాక్ష్యము పలుకవలసిన పత్రము. అది మనపైననే సాక్ష్యము పలుకునట్లు మనమే చేసికొనుచున్నాము.

మాకు జరిగిన దానిని దాచుట యెందులకు? క్రిందటి చలికాలమున మా తోటలోని పసుపు చామంతిని ఒక పట్టణపు వర్తకునకు పంపదలచి, కళ్లమునందు పఱచియున్న నీలిరంగు టార్పాలినుపై పూలు పోసి పటము తీసితిమి. పటమునందు పూలు ధగధగ మెఱసినవి. అంచులు బాగుగా లేవని నాలుగు ప్రక్కల కోసివేసి, ఎనిమిది పూలు పటమంతయు నిండునట్లు చేసి పంపితిమి. వర్తకుడు మంచి ధర చెప్పెను. బుట్టలు చేరిన పిదప ఆయన ఫోను చేసి, "అయ్యా, మీరు చూపినది ముదురు పసుపు, పెద్ద పువ్వు, వచ్చినది నిమ్మపండు రంగు, చిన్న పువ్వు" అనెను. మేము మోసము చేయలేదు. అయినను ఆయన చెప్పినది అబద్ధము కాదు. చెప్పిన ధరలో మూడవవంతు తగ్గించి యిచ్చెను. మేము మాఱుపలుకలేక పుచ్చుకొంటిమి.

ఇందులో టార్పాలిను చేసిన పనిని మేము తరువాత తెలిసికొంటిమి. సెల్‌ఫోనులోని కెమెరా తనంతట తాను రంగులను సరిచేసికొనును. ఎదుట నీలము మిక్కుటముగా నున్నచో, వెలుతురే నీలముగా నున్నదని భ్రమించి, దానికి విరుగుడుగా పటమంతటికిని పసుపును ఎఱుపును కలుపును. అందువలన లేతపసుపు పువ్వు ముదిరి నారింజకు దగ్గరగును. దీనికి తోడు నీలము పసుపు పరస్పర విరుద్ధములైన వర్ణములగుటచే, ఒకదాని ప్రక్కన రెండవది మఱింత ప్రకాశించునట్లు మన కంటికే తోచును. కావున కెమెరాయును కన్నును కలిసి మనలను వంచించినవి. టార్పాలిను వడ్లు ఎండబోయుటకు మంచిదే గాని పూల వెనుక పనికిరాదు.

నల్లగుడ్డను గూర్చి కొంత విస్తరించి వ్రాయవలసియున్నది. ఏలన మన సభ్యులలో దానియందు మక్కువ గలవారు పెక్కుమంది. నల్లనిదానిపై తెల్లని మల్లెలు ముత్యములవలె నుండునని వారి వాదము. కంటికి అట్లే యుండును. కెమెరాకు అట్లుండదు. అది తన యెదుటనున్న దానినంతటిని సరాసరి గట్టి, మధ్యరకపు వెలుతురునకు తెచ్చుటకు యత్నించును. పటములో అధికభాగము నలుపైనచో, చీకటిగా నున్నదని తలచి వెలుతురు హెచ్చించును. అప్పుడు మల్లెమొగ్గ తెల్లని మచ్చ యగును. రేకుల మడతలు, మొగ్గ బిగువు, కాడయొద్ద పచ్చదనము అన్నియు మాసిపోవును. మల్లె కొనువాడు చూచునది మొగ్గ బిగువునే గదా! సాయంకాలమునకు విచ్చవలసిన మొగ్గ ఉదయమే విచ్చుటకు సిద్ధముగానున్నదా లేదా యని అతడు పరీక్షించును. దానిని మనమే చెఱిపి పంపుచున్నాము. ముదురు ఎఱుపు గులాబి విషయమున చిక్కు వేఱొక విధమైనది. దాని అంచురేకులు నలుపులో కలిసిపోయి, పువ్వు ఉన్నదానికన్న చిన్నదిగా కనిపించును.

తెల్లగుడ్డయు దోషరహితము కాదు. తెలుపు హెచ్చైనచో కెమెరా వెలుతురు తగ్గించును, మల్లె బూడిదవన్నెకు దిగును. అరటియాకుపై పోయుట చూడముచ్చటగా నుండును గాని, ఆకు నునుపు వలన మెఱుపులు పడి, పూల అడుగున పచ్చని నీడ చేరును. ఎఱ్ఱగుడ్డ శుభమని పఱచువారు కలరు. పూజకు శుభమే.

మేము అన్నిటిని పరీక్షించి చూచితిమి. బూడిదరంగు గల ముతక నూలుగుడ్డ, మెఱుపులేనిది, ఇస్త్రీ చేసినది, అన్ని పూలకును చాలునని మాకు తోచినది. దానిపై కెమెరాకు భ్రమ కలుగుటకు అవకాశము తక్కువ. పటము తీయుటకు ముందు తెరపైనున్న పూవును వ్రేలితో తాకినచో, ఫోను ఆ పూవును బట్టియే వెలుతురును నిర్ణయించుకొనును. తెల్లపూలకు ఆ వెలుతురును ఇంకను కొంచెము తగ్గించుట మంచిది. ఎండలో తీయరాదు, ఉదయము వసారా నీడలో తీయవలెను. వెనుకభాగము మసకబాఱునట్లు చేయు ఏర్పాటు నేటి ఫోనులలో కలదు. అది మనుష్యుల ముఖములకై యేర్పడినది. కనకాంబరపు వెన్నువంటి దానిపై ప్రయోగించినచో వెనుక గుడ్డతోపాటు సన్నని రేకుల అంచులను గూడ మసక చేసివేయును.

వెనుక ఏమియు లేకుండ పూవును చూపుట మన ప్రాంతమునకు క్రొత్తవిద్య కాదు. స్కాట్లాండు దేశీయుడైన విలియం రాక్స్‌బర్గు అను వైద్యుడు పదునెనిమిదవ శతాబ్దమున మన సామర్లకోటలో తోట పెంచి, ఈ తీరపు మొక్కలకు దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. వాని నుండి ఎన్నుకొన్నవి "కోరమాండల్ తీరపు మొక్కలు" అను గ్రంథముగా 1795 మొదలుకొని లండనులో వెలువడినవి. ఆ బొమ్మలయందు తోట లేదు, ఆకాశము లేదు. ఖాళీ కాగితముపై కొమ్మ, ఆకు, పూవు, ప్రక్కనే విడదీసిన పూవు భాగములు. రెండువందల యేండ్లు దాటినను ఆ బొమ్మను చూచి మొక్కను గుర్తింపవచ్చును. జర్మనీ దేశస్థుడు కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అనునాతడు బెర్లినులో శిల్పవిద్య నేర్పుచు, సాదా అట్టను వెనుక నుంచి మొక్కల భాగములను ఎన్నో రెట్లు పెంచి ఛాయాపటములు తీసెను. 1928లో అవి గ్రంథరూపమున వచ్చి ప్రసిద్ధికెక్కినవి. అయితే ఆయన తనకు కావలసిన ఆకారము కొఱకు మొక్కలను కత్తిరించి సవరించెడివాడు. విద్యార్థులకు రూపము చూపువానికి అది తగును. సరుకు అమ్మువానికి తగదు.

ఇక అంచుల కోతను గూర్చి. పటమును కోయునప్పుడు పోవునది ఖాళీచోటు మాత్రమే యని మనవారి తలంపు. కొనువానికి ఆ ఖాళీచోటులోనే కొలత కలదు. కాడ కోసినచో పూవు నిలుకడ తెలియదు. ఆకు కోసినచో పూవు పరిమాణము తెలియదు. ప్రక్కపూలను కోసినచో, ఈ ఒక్కటి ఏరి పెట్టినదో, గంపంతయు ఇట్టిదియో తెలియదు. పటము నిండ పెంచిన బంతిపూవు అరచేయంతయు నుండవచ్చును, అణాకాసంతయు నుండవచ్చును. కొలతకై రూపాయిబిళ్ల పెట్టువారు కలరు. అదియు నమ్మదగినది కాదు. 1992 నాటి మాదిరి రూపాయి 25 మిల్లీమీటర్లు, 2011 నాటి మాదిరి రూపాయి సుమారు 22 మిల్లీమీటర్లు. బిళ్ల మాఱినచో పూవు పెరుగును! బడిపిల్లల కొలబద్దయే మేలు. దానిని పూవు ప్రక్కన, పూవుతో సమానమైన ఎత్తులో ఉంచవలెను. క్రింద పెట్టినచో, కెమెరాకు దగ్గరనున్న పూవు కొలబద్ద చెప్పుదానికన్న పెద్దదిగా కనిపించును. ఫోనును మఱీ దగ్గరకు తీసికొనిపోయినను ఇదే దోషము కలుగును. ముందుపూవు ఉబ్బి, వెనుకపూవులు చిక్కిపోవును. మూరెడు దూరమునుండి తీసి, తరువాత నాలుగు ప్రక్కల వ్రేలెడు ఖాళీ మిగులునట్లు కోసికొనినచో చాలును. అంతకు మించి కోసినచో, వాట్సాపు ద్వారా పోవునప్పుడు పటము ఇంకను పలుచబడి, రేకులకు బదులు మచ్చలు చేరును. దానిని పటముగా గాక దస్తావేజుగా పంపినచో చెడకుండ చేరునని మా పెద్దకుమారుడు చూపెను. అది నిజమే.

తెగులు పట్టిన మొక్కల పటములను ఉద్యాన అధికారికి పంపునప్పుడు ఈ కోత ఇంకను అపాయకరము. వాడిన పూవును మాత్రము చూపి మందు చెప్పుమనుట, పొగను చూపి ఏ యిల్లు కాలుచున్నదో చెప్పుమనుట వంటిది. మొక్క మొత్తము, ఆకు అడుగుభాగము, నేలకు తగులు కాండము, వీలైనచో పెఱికిన వేరు: ఈ నాలుగును వేర్వేఱుగ పంపవలెను.

నిలువుగా తీయుటయా, అడ్డముగా తీయుటయా యను ప్రశ్నను చాలమంది అడుగుచున్నారు. దీనికి పూవే సమాధానము చెప్పును. నేలసంపెంగ, గ్లాడియోలస్ వంటి పొడుగు వెన్నులకు నిలువు. కట్టిన దండకు, వరుసగా పేర్చిన కట్టలకు అడ్డము. పైనుండి చూచు బంతికి చతురస్రము. ఇందులో వివాదము లేదు. అయితే నిలువు పటము కావలెనని కాడను నేలపై పరుండబెట్టి, పటమును త్రిప్పి పంపువారు కలరు. నీడ ఏ ప్రక్కన పడినదో చూచి అనుభవజ్ఞుడైన వర్తకుడు దానిని పసిగట్టును. గ్లాడియోలస్ వెన్నును కొన్ని గంటలు అడ్డముగా పరుండబెట్టినచో దాని కొన పైకి వంగును. అది మొక్క స్వభావము. ఆ వంపు సరుకు లోపము క్రింద లెక్క. కావున వెన్నులను నిలువుగా నీళ్లలో నుంచి, నిలువుగానే పటము తీయవలెను. పూవు దిక్కును మార్చుట మఱియొక పొరపాటు. శంఖుపుష్పమునందు పెద్దరేకు సహజముగా క్రిందికి నుండును. పెద్దరేకు పైకి నుండుటయే న్యాయమని తలచి పటమును తలక్రిందులు చేసినవారిని మేము ఎఱుగుదుము. నర్సరీవారు, అందు ముఖ్యముగా కడియము, కడియపులంక ప్రాంతములవలె దూరరాష్ట్రములకు మొక్కలు పంపువారు, ఇట్టి పొరపాటు చేసినచో కొన్నవాడు తన పెరటిలో పూచిన పూవును చూచి వేఱుజాతి యిచ్చిరని తగవు పెట్టుకొనును.

మా అభిప్రాయమును సంఘ కార్యాలయమున చెప్పినప్పుడు ఒక పెద్దమనిషి, "పెండ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేయక చూపుదురటయ్యా?" అని పరిహసించిరి. అందఱును నవ్విరి, మేమును నవ్వితిమి. కాని పెండ్లిచూపులకు వచ్చినవారు ఇంటికి వచ్చి, ఎదుట కూర్చుండి, పిల్లతో మాటలాడి పోవుదురు. మన పూలను కొనువాడు పటమును దప్ప వేఱొక దానిని చూడడు. రంగులు పెంచుట, నీళ్లు చల్లి మంచుబిందువులవలె చూపుట లోకాచారమని ఆయన వాదము. నీళ్లు చల్లిన పూవును చూచిన వర్తకుడు మురిసిపోవునని తలంపవలదు. తడిసిన పూవు బుట్టలో వేడెక్కి కుళ్లునని అతనికి మనకన్న బాగుగా తెలియును; తూకము కొఱకు తడిపిరనియు అనుమానించును.

గోడకు వ్రేలాడదీయు క్యాలెండరుకు, సంవత్సరాది శుభాకాంక్షలకు సొగసైన పటములు తీయుటకు మేము అడ్డుచెప్పము. అక్కడ నల్లగుడ్డయైనను, మంచుబిందువులైనను ఎవరి ముచ్చట వారిది. అమ్మకపు పటమును, అలంకారపు పటమును ఒక్కటిగా వాడరాదనియే మా పట్టు.

సంఘము చేయవలసిన ఖర్చు స్వల్పము. పూలు సేకరించు షెడ్డులో ఉత్తరపు వసారాయందు ఒక బల్ల, దానిపై రెండు గజముల బూడిదరంగు నూలుగుడ్డ, ఒక కొలబద్ద, ఒక పలక. పలకపై పూవు పేరు, కోసిన తేదీ, వేళ సుద్దతో వ్రాసి పటములో వచ్చునట్లు ఉంచవలెను. ప్రతి సరుకునకు మూడు పటములు చాలును: ఏరకుండ చేతికి వచ్చినట్లు తీసిన పది పూలు, ఒక పూవు ప్రక్కనుండి కాడతో సహా, గంప మొత్తము. సంఘము ముద్రతో పోవు పటములకు రంగు దిద్దరాదు. దిద్దినవారి సరుకు ఆ రోజు సంఘము ద్వారా పోరాదు. ఈ కడపటి మాట కొందఱికి కష్టముగా తోచవచ్చును. అయితే ఒకరి పటము వలన వచ్చిన చెడ్డపేరు మఱునాడు పదిమంది గంపలపై పడుచున్నది. సంఘమని పేరు పెట్టుకొన్న తరువాత దానిని ఒకరి సొంతవిషయమని విడిచిపెట్టుట ఎట్లు?

వచ్చు సర్వసభ్య సమావేశమునందు ఈ తీర్మానమును ప్రతిపాదింపనున్నాము. నల్లగుడ్డ పక్షమువారు తమ గుడ్డను తెత్తురుగాక, మేము మాది తెత్తుము. ఆ ఉదయము కోసిన ఒకే గంపలోని మల్లెలను రెంటిపైనను పటము తీసి, గంపను ప్రక్కనే యుంచి సభ్యులకు చూపుదము. సమావేశము పది గంటలకని ప్రకటించియున్నారు. మొగ్గలు విచ్చకమునుపే పని కావలెను గనుక సభ్యులు వేళకు రాగోరుచున్నాము.