ముందు మీటరు, తర్వాతే మెషిన్

బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో జాబ్‌వర్క్ చేసే చిన్న షెడ్లలో షిఫ్టు దిగేముందు లాగ్‌బుక్కు రాయడం ఓ ఆనవాయితీ. 'మెషిన్ ఎనిమిది గంటలు నడిచింది' అని ఆపరేటర్ సంతకం పెడతాడు. ఇన్సర్ట్ మార్చడానికి పట్టిన పది నిమిషాలు, మెటీరియల్ రాక ఖాళీగా నిలబడ్డ అరగంట, మొదటి పీసు నాణ్యత తనిఖీలో ఓకే అయ్యేదాకా ఆగిన సమయం ఆ ఎనిమిదిలోనే కలిసిపోతాయి. అబద్ధం రాయాలని కాదు, సాయంత్రానికి అవేవీ గుర్తుండవు.

2011లో జర్మనీలోని హానోవర్ పారిశ్రామిక ప్రదర్శనలో 'ఇండస్ట్రీ 4.0' మాట వినిపించినప్పటి నుంచీ, స్మార్ట్ తయారీ అనగానే అద్దాల గదిలో తిరిగే రోబో చెయ్యే కళ్లముందు మెదులుతుంది. దాని ధర విని చిన్న పరిశ్రమ యజమాని అక్కడే దండం పెట్టేస్తాడు. నిజానికి ఆయనకు ముందుగా కావలసింది రోబో కాదు. మెషిన్ ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు.

జపాన్‌లోని ఐచి ప్రాంతంలో టయోటాకు విడిభాగాలు చేసే అసాహీ టెక్కో ఈ పనే చేసింది. పాత మెషిన్లను పారేయలేదు. వాటి మీద వెలిగే సిగ్నల్ దీపానికి చవకైన లైట్ సెన్సర్ అతికించింది, కదిలే భాగం దగ్గర అయస్కాంత స్విచ్ పెట్టింది. ఒక్కో పీసుకు ఎన్ని సెకన్లు పడుతోందో, మెషిన్ ఎక్కడ ఆగుతోందో తెరమీద కనబడింది. కొత్త లైన్లు కొనకుండానే ఉత్పత్తి పెరిగింది. తర్వాత ఆ పద్ధతినే మిగతా చిన్న కంపెనీలకు అమ్మడానికి వేరే సంస్థ కూడా పెట్టుకుంది!

మన దగ్గరా ఇది సాధ్యమే. మోటారుకు వెళ్లే తీగ చుట్టూ ఓ కరెంట్ సెన్సర్, వైఫై ఉన్న చిన్న బోర్డు, ఫోనులో ఓ గ్రాఫ్ ఉంటే చాలు. ఖర్చు వేలల్లోనే తేలుతుంది. రెండు షిఫ్టుల్లో ఒక్కో గంట మిగిలిందనుకుందాం. నెలకు 25 రోజుల లెక్కన 50 గంటలు. గంట రేటు 500 రూపాయలు వేసుకున్నా 25 వేలు. చేతిలో ఆర్డర్లుంటేనే లెండి. పని లేని షెడ్డులో గ్రాఫ్ చూసి చేసేదేమీ లేదు.

సెన్సర్ ఎప్పుడు ఆగిందో చెబుతుంది గానీ, ఎందుకు ఆగిందో చెప్పదు. అది చెప్పాల్సింది ఆపరేటరే. 'టూల్', 'మెటీరియల్', 'కరెంట్', 'ఇన్‌స్పెక్షన్' అని నాలుగు బటన్లు పెడితే చాలు, ఆగినప్పుడల్లా ఒకటి నొక్కుతాడు. అయితే మొదటి వారమే ఆ లెక్క చూపించి జీతం కోస్తే రెండో వారం నుంచి 'కరెంట్' బటనే మోగుతుంది. అసలు అలా ఆగిన సందర్భాల్లో చాలావాటికి బాధ్యుడు మెటీరియల్ వేళకు తెప్పించని యజమానే కావచ్చు.

ప్రభుత్వాల చూపు మాత్రం ఎక్కువగా కొత్త యంత్రాల సబ్సిడీ మీదే ఉంటుంది. దక్షిణ కొరియా 2014లో మొదలుపెట్టి 2022 నాటికి 30,000 స్మార్ట్ ఫ్యాక్టరీల లక్ష్యాన్ని అందుకుంది. వాటిలో ఎక్కువ భాగం ప్రాథమిక స్థాయివే అని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో మనకు పనికొచ్చే సంగతి ఉంది: చిన్న పరిశ్రమ మొదలయ్యేది ఆ ప్రాథమిక స్థాయిలోనే, సాయం అందాల్సిందీ అక్కడే. 1968లో బాలానగర్‌లో కేంద్రం నెలకొల్పిన టూల్ డిజైన్ సంస్థ, సీఐటీడీ, ఆ షెడ్ల నడుమే ఉంది. క్లాసురూములో కోర్సులతో పాటు, షెడ్డుకే వచ్చి పాత లేతుకు సెన్సర్ బిగించి, నెల తర్వాత మళ్లీ వచ్చి లెక్క చూసే ఇంజినీర్లను పంపితే, ఆ జీతాలకు పెట్టే డబ్బు యంత్రాల సబ్సిడీ కంటే ఎక్కువ పని చేస్తుంది.

సెన్సర్ పెట్టాలన్నా చేతిలో డబ్బాడాలి. చిన్న పరిశ్రమలకు బిల్లులు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టమే చెబుతోంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. కానీ రేపటి ఆర్డరు పోతుందన్న భయంతో ఆ వడ్డీ అడిగేవాళ్లు తక్కువ.

మరో చిక్కు ముందుంది. లెక్కలు తెరకెక్కాక 'మాకూ చూపించండి' అని ఆర్డరిచ్చే పెద్ద కంపెనీ అడగవచ్చు. పీసుకు నాలుగు నిమిషాలని రేటు మాట్లాడుకున్న పని మూడు నిమిషాల్లో అవుతోందని తెలిస్తే, మరుసటి బేరంలో ఆ నిమిషం కొనేవాడి జేబులోకే పోతుంది. అందుకే కొలతలు, నాణ్యత వివరాలు ఇవ్వాలి గానీ పీసుకు పట్టే సమయం (సైకిల్ టైమ్) ఇవ్వనక్కర్లేదని పర్చేజ్ ఆర్డరులోనే రాయించుకోవాలి. ఒక్కడు అడిగితే వినరు కాబట్టి ఆ మాట పారిశ్రామికవాడ సంఘమే మాట్లాడాలి.