బదరీ చెట్టు కింద



పోయిన వారం పోస్టు చదివి ఒక విద్యార్థి ఇన్‌బాక్సులో అడిగాడు: "మేడం, మీరు అంబేడ్కర్‌ని పాఠం చెప్తారు. ఆదివారం చర్చికి వెళ్తారు. డిప్రెషన్‌కి మాత్రలు వేసుకుంటానని కూడా రాశారు. ఈ మూడూ ఎలా కుదురుతాయి?" వెటకారం లేదు. తనకి రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదని చివర్లో ఒక్క ముక్క రాశాడు. అందుకే ఈ వారం రాయాలనుకున్నది పక్కన పెట్టి అతనికి జవాబు రాస్తున్నాను.

నాకిది పీహెచ్‌డీ చివరి ఏడాదిలో మొదలైంది. జాషువా ‘గబ్బిలం’ మీద చాప్టరు రాయాలి. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి, తన గోడు శివుడి చెవిన వెయ్యమని గబ్బిలాన్ని బతిమాలుకునే కావ్యం అది. రోజూ తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చునేదాన్ని. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనే. ఏడుపు వస్తే బాగుండనిపించేది, అదీ వచ్చేది కాదు. నా గోడు మోసుకెళ్ళే గబ్బిలం నాకు కనిపించలేదు.

ఎవరికీ చెప్పలేదు. నాకున్నవి రెండు సంఘాలు, రెండు చోట్లా భయమే. మా చర్చి సంఘంలో సాక్ష్యం అంటే గెలిచినవాళ్ళు చెప్పేది. ఒక పెద్దాయనతో కాస్త నోరు విప్పితే, విశ్వాసం తగ్గింది, మూడు రోజులు ఉపవాసం ఉండమన్నాడు. అప్పటికే అన్నం సయించనిదాన్ని. ఇక ఉద్యమ సంఘం. 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయాక, వివక్ష అనే మాట వినపడకుండా చెయ్యడానికి ‘వ్యక్తిగత సమస్యలు’ అనే మాటని ఎలా వాడారో చూశాం. అప్పట్నుంచి కుంగుబాటు గురించి మాట్లాడితే అవతలివాళ్ళకి ఆయుధం ఇచ్చినట్టేనని భయం. కులం మనిషిని జబ్బు పడేస్తుందనీ, ఆ జబ్బుకి వైద్యం కావాలనీ రెండూ కలిపి చెప్పడం మాకు చేతకాలేదు.

ఒక రాత్రి అమ్మ చారన్నం కలిపి పక్కన కూర్చుంది. ఏమైందని అడగలేదు. "తిను తల్లీ. తిని పడుకో. ప్రార్థన నీ వంతు కూడా నేను చేస్తాలే" అంది. మర్నాడు రాత్రీ అలాగే వచ్చింది.

బైబిల్లో ఏలీయా కథ చిన్నప్పట్నుంచీ విన్నదే. కర్మెలు కొండ మీద గెలిచిన ప్రవక్త, రాణి యెజెబెలు చంపుతానంటే అడవికి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, నన్ను తీసుకెళ్ళిపో ప్రభూ అంటాడు. దేవుడు అతన్ని తిట్టలేదు. దూత వచ్చి తట్టి లేపాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్ళు. తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చాడు, ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. ప్రసంగం లేదు, ఉపవాసం లేదు. మా అమ్మ వచ్చిన రాత్రి నుంచి ఆ కథ నాకు వేరేగా వినపడింది.

88వ కీర్తన కూడా అప్పుడే సరిగ్గా చదివాను. చివరిదాకా చీకటే, చివర్లో కూడా వెలుగు రాదు. అయినా దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. ఆ పుస్తకంలో చీకటికి చోటుందంటే నాకూ చోటుంది. నాకు ఆశ అంటే ఇదే. దేవుడు నన్ను బాగు చేసేశాడని సాక్ష్యం చెప్పలేను. జబ్బు మధ్య మధ్యలో వస్తూనే ఉంది. వచ్చినప్పుడు, వినే చెవి ఒకటుందని మాత్రం నమ్ముతాను.

డాక్టరు దగ్గరికి అమ్మే తీసుకెళ్ళింది. మాత్ర నాకు ఆ నిప్పుల మీది రొట్టె లాంటిది. వేసుకుంటే విశ్వాసం తగ్గదు.

ఇక అంబేడ్కర్. బాబాసాహెబ్ మతమే వద్దనలేదు, మనిషిని మనిషిగా చూడని మతం వద్దన్నాడు. 1956లో బౌద్ధం తీసుకున్నాడు. నా చర్చిలోనూ కులం ఉంది. దానితో కొట్లాడుతూనే అక్కడ ప్రార్థన చేస్తాను. నువ్వు ప్రార్థన చెయ్యకపోయినా నాకు అభ్యంతరం లేదు.

తమ్ముడూ, రెండు నెలలు నిద్ర లేకపోవడం చిన్న విషయం కాదు. ఈ వారమే డాక్టర్ని కలువు. అంతదాకా ఆగలేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.

మిగతా మిత్రులకి ఒక మాట. మీటింగులకి రావడం మానేసిన వాళ్ళని ఎందుకు రావట్లేదని నిలదీయకండి. గదికి వెళ్ళండి, ఏదైనా తినడానికి పట్టుకెళ్ళండి. తలుపు తియ్యకపోతే, దూత లాగే రెండోసారి కూడా వెళ్ళండి.

జై భీమ్.