జప్తు తొలగినా బాధ్యత తొలగదు
పూచీకత్తుపై ఆస్తి విడుదల.. జామీనుదారులు గమనించాల్సినవి

ప్రామిసరీ నోటు ఆధారంగా దావా వేసే రుణదాతలు, ప్రతివాది ఇంటిని లేదా స్థలాన్ని తీర్పుకు ముందే జప్తు చేయాలని కోరుతూ పిటిషన్‌ జతచేయడం సివిల్‌ కోర్టుల్లో తరచూ కనిపిస్తుంది. ఉత్తర్వు వెలువడితే ఆ ఆస్తిపై అమ్మకాలు, తనఖాలు నిలిచిపోతాయి. కుమార్తె వివాహానికో, బ్యాంకు రుణానికో దాన్నే నమ్ముకున్న కుటుంబం ఇరకాటంలో పడుతుంది. అయితే దావా తేలేవరకు వేచి ఉండనక్కరలేదు. తగిన పూచీకత్తు సమర్పిస్తే జప్తును ఎత్తివేయాలని 1908 నాటి సివిల్‌ ప్రొసీజర్‌ కోడ్‌, 38వ ఆర్డరు 9వ నిబంధన చెబుతోంది. ఆస్తికి విముక్తి లభిస్తుంది గాని, దాని బరువు జామీనుదారు భుజాలపైకి మారుతుంది. చాలామంది గ్రహించనిది ఇదే.

అప్పు ఉంటే చాలదు
అప్పు ఉందన్న కారణం ఒక్కటే జప్తుకు సరిపోదు. డిక్రీ అమలును అడ్డుకునే ఉద్దేశంతో ప్రతివాది ఆస్తిని అమ్మడానికో, కోర్టు పరిధి దాటించడానికో సిద్ధమవుతున్నాడని వాది ప్రమాణపత్రం ద్వారా కోర్టుకు నమ్మకం కలిగించాలి. పూచీకత్తు ఇవ్వాలని, లేదా ఎందుకు ఇవ్వనక్కరలేదో కారణం చూపాలని కోర్టు ప్రతివాదిని ఆదేశించాలి. 5వ నిబంధనలోని ఈ పద్ధతిని పాటించకుండా చేసిన జప్తు చెల్లదు. హామీ లేని అప్పును హామీ ఉన్న అప్పుగా మార్చుకునే సాధనంగా దీన్ని వాడరాదని 2008లో రామన్‌ టెక్‌ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రైతు స్వాధీనంలోని పంటను తీర్పుకు ముందు జప్తు చేయడానికి వీల్లేదని 12వ నిబంధన చెబుతోంది.

సంతకానికి ముందు
నగదు డిపాజిట్‌, బ్యాంకు గ్యారంటీ, మరో స్థిరాస్తి, మూడో వ్యక్తి జామీను.. ఏది సరిపోతుందో కోర్టే నిర్ణయిస్తుంది. బంధుత్వం, స్నేహం కొద్దీ సంతకం చేసేవారు ఒక విషయం గుర్తెరగాలి. దావా ఓడితే జామీనుదారుపై వాది మళ్లీ దావా వేయనక్కరలేదు. 145వ సెక్షన్‌ కింద నోటీసు ఇచ్చి, అదే డిక్రీని ఆయనపై అమలు చేయించవచ్చు. వేరే ఒప్పందం లేకుంటే జామీనుదారు బాధ్యత రుణగ్రహీతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్‌ చెబుతోంది. అందుచేత బాధ్యత ఎంత మొత్తానికి, ఏ ఆస్తికి పరిమితమో బాండులోనే రాయించుకోవాలి. బాకీ చెల్లించిన జామీనుదారు రుణదాత హక్కులను పొంది, ఆ సొమ్మును రుణగ్రహీత నుంచి రాబట్టుకోవచ్చు.

మూడో వ్యక్తుల హక్కులు
జప్తుకు ముందే ఆస్తిని కొన్నవారి హక్కులకు భంగం లేదని 10వ నిబంధన చెబుతోంది. విక్రయ దస్తావేజు జప్తుకు ముందు రాసుకుని, తర్వాత రిజిస్టరైనా కొనుగోలుదారుదే పైచేయి అని సుప్రీంకోర్టు 1990లో హమ్దా అమ్మాళ్‌ కేసులో తేల్చింది. ఇలాంటివారు జప్తు జరిగిన కోర్టులోనే క్లెయిమ్‌ పిటిషన్‌ వేసుకోవాలి. కావాలని జాప్యం చేస్తే కోర్టు దాన్ని స్వీకరించకపోవచ్చు. తగిన ఆధారాలు లేకుండా జప్తు చేయించిన వాది నుంచి 95వ సెక్షన్‌ కింద రూ.50 వేల వరకు పరిహారం పొందవచ్చు.

రాజీలోనూ జాగ్రత్త
ఇలాంటి దావాలు లోక్‌ అదాలత్‌లో రాజీ అయితే ఆ అవార్డు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు. కాబట్టి బాకీ మొత్తం, గడువులతో పాటు జప్తు ఎత్తివేత, జామీనుదారు విడుదల కూడా అవార్డులో నమోదయ్యేలా చూసుకోవాలి. విడుదల ఉత్తర్వు సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయానికి చేరిందో లేదో ఈసీ తీసి సరిచూసుకోవాలి. రికార్డులో జప్తు అలాగే మిగిలితే కోర్టులో గెలిచిన ఆస్తి కూడా అమ్మకం వేళ ఆగిపోతుంది.