ధ్రువపత్రం లేని పగడపు ముక్క

గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి సజీవమైన రాతి పగడాలను పెంచే అభిరుచి మహానగరాల నుండి మెల్లగా మన వైపుకు వస్తున్నది. కర్నూలు, కడప పట్టణాల యువకులు కొందరు దీనిని గురించి మమ్మల్ని అడుగుతున్నారు. అమ్మేవారు చెప్పే మాట ఒక్కటే: ఇది సముద్రంలో విరిచినది కాదు, తొట్టిలో పెంచినది. ఆ మాటను ఏ ఆధారంతో నమ్మాలన్నదే నా ప్రశ్న.

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించాలి. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం వేరే వర్గానికి చెందినది. దిబ్బలు కట్టే రాతి పగడం అనేక చిన్న జంతువుల సమూహం. అది నీటిలోని కాల్షియాన్ని, బైకార్బనేటును గ్రహించి కాల్షియం కార్బొనేటుతో గూడు కట్టుకుంటుంది. బేతంచెర్ల నాపరాతిలో ప్రధానంగా ఉన్నదీ ఆ పదార్థమే, స్ఫటిక రూపం మాత్రమే వేరు. దాని కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి ఆతిథేయికి పంచుతాయి. కొమ్మను తుంచి వేరొక ఆధారానికి అతికిస్తే కొత్త సమూహం పెరుగుతుంది. చెరకు ముచ్చె నాటినట్లే. కాబట్టి తొట్టిలో వృద్ధి చేయడం అసాధ్యమేమీ కాదు. అయితే కొమ్మల అక్రోపోరా ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరిగితే, గుండ్రని పోరైటిస్ దాదాపు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. కొబ్బరికాయంత పోరైటిస్‌ను చవకగా ఇస్తూ ‘మేమే పెంచాం’ అనేవాడి మాటకు ఎంత విలువ ఇవ్వాలో పాఠకులే లెక్కించవచ్చు.

మన మెట్ట ప్రాంతంలో ఈ అభిరుచికి చెప్పే మొదటి అభ్యంతరం నీరు. అది నాకంత బలమైనదిగా తోచదు. 300 లీటర్ల తొట్టికి వారానికి 30 లీటర్లు మార్చాలంటే, ఆర్.ఓ. యంత్రం సుమారు 90 లీటర్లు వృథాగా వదులుతుంది. కిలో బియ్యానికి వేల లీటర్లు ఖర్చు చేసే మనం దీనిని పెద్ద నేరంగా చూపలేము. ఉప్పు సంగతి వేరు. లీటరుకు 35 గ్రాముల చొప్పున వారానికి కిలోకు పైగా, ఏడాదికి 54 కిలోల లవణం బయటికి వస్తుంది. దానిని పెరటిలోని నల్లరేగడిలో పోస్తే, వానకు లవణాలు కడిగిపోయిన తరువాత మిగిలిన సోడియం బంకమట్టి రేణువులను చెదరగొట్టి నీరు ఇంకకుండా చేస్తుంది. చేజేతులా చౌడు సృష్టించుకోవడమే. వెడల్పాటి తొట్టెలో ఆరబెట్టి ఉప్పును విడిగా తీసివేయవచ్చు. ఎండకు మనకేమీ కొరత లేదు. మే నెలలో తొట్టి నీటిని 26 డిగ్రీల వద్ద నిలపడమే కష్టం. కొన్ని గంటలు కరెంటు పోతే చాలు.

ఇవన్నీ యాజమాన్య సమస్యలు. వంశం సమస్య అటువంటిది కాదు. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం పగడాలను తవ్వారు. అక్కడి 21 దీవులలో రెండు నీట మునిగాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో 2001లో రాతి పగడాలన్నిటినీ చేర్చారు. పులి ఉన్న షెడ్యూలు అదే. ‘తొట్టిలో పెంచినవి’ అన్న మినహాయింపు అందులో లేదు. ఉల్లంఘనకు మూడు నుండి ఏడేళ్ల జైలు.

ఇది కాలం చెల్లిన కఠినత్వమని, పెంపకాన్ని అనుమతిస్తే సముద్రం మీద ఒత్తిడి తగ్గుతుందని అభిరుచిపరులు వాదిస్తారు. ఆ వాదనలో సత్యం లేకపోలేదు. కానీ నంద్యాల చుట్టూ పత్తి విత్తన వ్యాపారాన్ని దశాబ్దాలుగా చూస్తున్న మనకు సంచి మీది మాటకు, లోపలి గింజకు మధ్య దూరం తెలియనిది కాదు. 1966 విత్తన చట్టం ఉండగానే, కలుపు మందును తట్టుకునే పత్తి అనుమతి లేకుండా మన పొలాలకు చేరింది. బ్రీడర్ విత్తనానికి పసుపు, మూల విత్తనానికి తెలుపు, ధ్రువీకృత విత్తనానికి నీలం చీటీలు, క్షేత్ర తనిఖీలు, ప్రయోగశాలలు ఉన్న చోటే ఇది జరిగినప్పుడు, ఏ చీటీ లేని పగడపు ముక్క విషయంలో ఏమి జరుగుతుంది? విరిచిన కొమ్మను ఆరు నెలలు తొట్టిలో ఉంచితే, దానిని తొట్టిలో పుట్టినదాని నుండి కంటితో వేరు చేయడం ఎవరి తరమూ కాదు.

అందుచేత చట్టాన్ని సడలించే ముందు ధ్రువీకరణ రావాలి. తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ 2002 నుండి పగడపు ముక్కలను నాటి దిబ్బలను పునరుద్ధరిస్తున్నది. కనుక నైపుణ్యం మన దేశంలో లేకపోలేదు. అటువంటి సంస్థల వద్ద మాతృ సమూహాలను నమోదు చేసి, వాటి జన్యు గుర్తులను భద్రపరచాలి. అమ్మే ప్రతి ముక్కకు మాతృ సంఖ్య, కోసిన తేదీ, పెంచినవారి లైసెన్సు ఉండాలి. అనుమానం వచ్చిన ముక్కను ఆ గుర్తులతో సరిపోల్చి చూసే ప్రయోగశాల ఒకటైనా ఉండాలి. అవి ఏర్పడేవరకు, మా వద్దకు నీటి నమూనాతో వచ్చే యువకుడికి కాల్షియం, క్షారత్వం అంకెలతో పాటు ఒకటో షెడ్యూలు ప్రతిని కూడా చేతికివ్వడం మన పరీక్షా కేంద్రాల బాధ్యత.