ఊరూ పేరూ లేని వాదం

యూట్యూబ్‌లో తెలుగు వీడియోల మీది అక్షరాలు ఒక పది నిమిషాలు చదివితే చాలు, మనం దేన్ని మెచ్చుకుంటున్నామో తెలిసిపోతుంది. ఫలానా నాయకుడు ఫలానావాడికి ‘ఇచ్చిపడేశాడు’. ఫలానా యాంకర్ ఫలానా నటుణ్ణి ‘కడిగిపారేసింది’. కౌంటర్ అయితే ‘దిమ్మతిరిగే’ కౌంటర్, జవాబయితే ‘గూబ గుయ్యిమనే’ జవాబు. ఈ భాష అసెంబ్లీల్లోంచీ సినిమా ఫంక్షన్లలోంచీ మన ఫోన్లలోకి దిగింది. ముక్కూమొహం తెలియనివాడెవడో మన హీరో కలెక్షన్లు దొంగలెక్కలన్నా, మన యాసను వెక్కిరించినా, మన కులాన్ని ఒక మాటన్నా వాడికి కౌంటర్ పడాల్సిందే. పడలేదా, ఓడిపోయాం.

కాస్త చదువుకున్నవాళ్ళు ఇదే మాటను పెద్దమనిషి తరహాలో చెబుతారు. అబద్ధాన్ని ఖండించకపోవడం దానికి తలూపడమేనట. మౌనం అర్ధాంగీకారమట. మేధావులు నోరు మూసుకోబట్టే సమాజం ఇలా తగలడిందట. మొదటివాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు, వాళ్ళకు అదొక ఆట. నా విభేదమంతా ఈ రెండోవాళ్ళతోనే.

మౌనం అర్ధాంగీకారమన్న మాట చెల్లేది ఎదురుగా కూర్చోబెట్టి అడిగినప్పుడు. పెళ్ళిచూపుల్లో పిల్లను అడిగారు, ఆ పిల్ల తల వంచుకుంది, పెద్దలు సరేనన్నట్టే లెక్క వేసుకున్నారు. (అక్కడ కూడా ఆ లెక్క ఎంత తప్పో మన ఇళ్ళలో ఆడవాళ్ళను అడిగితే చెబుతారు.) అడిగినవాడే లేనిచోట మౌనానికి ఏ అర్థమూ లేదు. ఈ రాత్రి తెలుగులో వేల కొద్దీ తప్పుడు కూతలు పడతాయి. నా కంటబడేవి ఓ పది. కంటబడనివాటన్నిటికీ నేను ఒప్పుకున్నట్టేనా? లేక చూశాను కాబట్టి ఆ పదింటికి మాత్రమే బాధ్యుణ్ణా? ఆ పదీ నా ముందుకు వచ్చింది నా మనస్సాక్షి పిలిస్తే కాదు. ఒక కంపెనీ లెక్క ప్రకారం వచ్చాయి.

ఆ లెక్క సంగతి చూద్దాం. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్ ఫీడ్‌ను మార్చింది. మనుషుల మధ్య అర్థవంతమైన సంభాషణ పెంచడానికే ఈ మార్పు అని చెప్పుకుంది. కామెంట్లు రేపే పోస్టులకు పెద్దపీట పడింది. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని కంపెనీ లోపలి కాగితాలు బయటపెట్టాక ఇంకో విషయం లోకానికి తెలిసింది. 2017 నుంచి కొన్నాళ్ళపాటు కోపం బొమ్మతో సహా రియాక్షన్ బొమ్మలన్నిటికీ లైకుకు అయిదు రెట్ల విలువ కట్టారు. తర్వాత తగ్గిస్తూ వచ్చి 2020లో కోపం బొమ్మ విలువను సున్నా చేశారు. కామెంటుకు మాత్రం విలువ పోలేదు. ‘పచ్చి అబద్ధం’ అని రాసినా, ‘అదరగొట్టావ్ గురూ’ అని రాసినా యంత్రానికి అదొక కామెంటు. మీ ఖండన ఆ అబద్ధాన్ని మరో నలుగురి దగ్గరికి మోసుకుపోతుంది.

ఎక్స్ ఇంకాస్త ముందుకెళ్ళింది. 2023 జులై నుంచి నీలిగుర్తు ఖాతాలవాళ్ళకు, వాళ్ళ పోస్టుల కింద రిప్లైల మధ్య కనబడే ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 చివర్లో పద్ధతి మార్చి, చందా కట్టే ఖాతాదారుల స్పందనను బట్టి ఇస్తామంది. పద్ధతి ఏదైనా, జనానికి ఒళ్ళు మండించడం ఒక సంపాదన మార్గమైంది. రెచ్చగొట్టినవాడు డబ్బు చేసుకుంటాడు, రెచ్చిపోయినవాడు నిద్ర చెడగొట్టుకుంటాడు.

మనవాళ్ళకు ఇది తెలియక కాదు. డబ్బులకు కామెంట్లు పెట్టేవాళ్ళకు ‘పేటీఎం బ్యాచ్’ అని ఎప్పుడో పేరు పెట్టేశారు. విచిత్రమేమిటంటే, అవతలివాణ్ణి పేటీఎం బ్యాచ్ అని తిడుతూనే వాడితో అర్ధరాత్రి దాకా ఉచితంగా వాదిస్తారు. డాలస్‌లో ఒకాయన లంచ్ టైములో తోచక రాసినదానికి గుంటూరులో ఇంకొకాయన పడుకోకుండా జవాబులు కొడుతుంటాడు. ఇందులో కూలి గిట్టింది ఎవరికో మీరే చెప్పండి.

ఇక్కడ నాకు గిడుగును గుర్తుచేస్తారు. వాదించకుండా వ్యావహారిక భాష వచ్చిందా అంటారు. రాలేదు. ఆ వాదమే జరగకపోతే ఈ వ్యాసం ఈ తెలుగులో ఉండేది కాదు. కాని ఆ వాదం ఎలా జరిగిందో చూడండి. జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ పుస్తకం రాశారు. గిడుగు రామమూర్తి ఆధునిక భాష పక్షాన మరో పుస్తకం రాశారు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గితే గురజాడ 1914లో తన అసమ్మతిని రాసిచ్చారు, అదే ఒక పుస్తకమంత ఉంటుంది. గిడుగు శాసనాలు తిరగేశారు, పాత కావ్యాలూ వ్యాకరణాలూ తవ్వారు, గ్రాంథికాన్ని కాపాడుతున్నామనే పండితుల రచనల్లోనే తప్పులు ఏరి చూపించారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభకు వెళ్ళి, ప్రత్యర్థుల వేదిక మీదే గంటల తరబడి మాట్లాడారు.

అవతలివాడెవరో తెలుసు. వాదం దేని మీదో తెలుసు: బడిపిల్లలు ఏ తెలుగులో రాయాలి? తేల్చాల్సిన విశ్వవిద్యాలయం ఎదురుగా ఉంది. అచ్చయిన మాటను మర్నాడు చెరిపేసుకునే వీల్లేదు. జవాబు రాయాలంటే నెలలు పడుతుంది, ఆ నెలల్లో మనిషి చదువుకుంటాడు. అదంతా మర్యాదగా సాగిందని నేననను. తిట్టుకోవడంలో ఆనాటి పండితులు మనకేమీ తీసిపోరు. అయినా ఆ తిట్ల కింద ఒక ప్రశ్న ఉంది, దానికి ఒక జవాబు తేలింది.

వీరేశలింగం సంగతీ అంతే. కొక్కొండ వెంకటరత్నం పంతులు ‘ఆంధ్రభాషాసంజీవని’లో స్త్రీవిద్యను వ్యతిరేకిస్తుంటే ఆయన ‘వివేకవర్ధని’లో తిప్పికొట్టారు. చాలక 1876లో ‘హాస్యసంజీవని’ పెట్టి మరీ వెక్కిరించారు. ఆ చమత్కారాల్లో ఒక్కటైనా ఇవాళ మనలో ఎందరికి నోటికొచ్చు? 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన జరిపించిన వితంతు వివాహం మాత్రం బడిపిల్లలకు కూడా తెలుసు.

వాదించడం మన సంప్రదాయమనేవాళ్ళు ఆ సంప్రదాయం పెట్టిన షరతులు చెప్పరు. న్యాయసూత్రాలు చర్చను మూడుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా అవతలి మాటను కొట్టెయ్యడమే పనిగా పెట్టుకుంటే అది వితండం. ఎప్పుడు ఓడినట్టో తేల్చడానికి 22 నిగ్రహస్థానాలు కూడా పెట్టారు. వాటిలో ఒకటి అర్థాంతరం, అంటే నడుస్తున్న విషయం వదిలి వేరేదాంట్లోకి దూకడం. సభలో ఆ పని చేసినవాడు ఓడిపోయినట్టే. ఫోన్‌లో అదే గెలుపు మంత్రం. దొరికిపోయానని తెలియగానే ‘మరి మీవాడు చేసినప్పుడు ఎక్కడున్నావ్?’ అంటాడు. దాంతో ఆట మళ్ళీ మొదటికొస్తుంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఒక్కడే ఉంటాడు. మిగతా ఏడుగురు పృచ్ఛకులూ పనిమీద ఉన్నారు కాబట్టే అతని చిలిపితనం రక్తి కడుతుంది. ఎనిమిదిమందీ అప్రస్తుత ప్రసంగులే అయిన చోట ఎంత అవధాని అయినా ఒక్క పద్యం పూర్తి చెయ్యలేడు.

చరకసంహిత వైద్యగ్రంథం. అయినా విమానస్థానం అనే భాగంలో వైద్యులు ఒకరితో ఒకరు ఎలా వాదించాలో వివరంగా చెప్పింది. దిగేముందు ప్రత్యర్థిని పరీక్షించుకో, సభను పరీక్షించుకో అంది. నీమీద ముందే కక్ష కట్టుకున్న సభలో ఎవరితోనూ, ఏ రకంగానూ జల్పానికి దిగొద్దంది. ఆ మాట చెప్పినవాళ్ళను పిరికివాళ్ళని ఎవరూ అనలేదు.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది. ‘నేను జవాబిచ్చేది వాడికోసం కాదు, చప్పుడు చెయ్యకుండా చదివే పదిమంది కోసం.’ దీన్ని తేలిగ్గా తీసెయ్యలేను. తప్పుడు వైద్యం గురించో, ఒక మతం మీద కట్టిన కథ గురించో ఎవరూ పలక్కపోతే చదివేవాడు నిజమనుకోవచ్చు. సరే, అలాంటప్పుడు ఆధారంతో ఒక్కసారి రాయండి, బయటికి రండి. ఆ అబద్ధాన్ని షేర్ చెయ్యకుండా విడిగా మీ పేజీలో రాస్తే ఇంకా మంచిది. అది సవరణ, దాన్ని నేను కాదనను. నేను కాదనేది రెండో జవాబును. అక్కడికొచ్చేసరికి ఆ పదిమందీ మన బుర్రలోంచి జారిపోతారు. మూడో జవాబుకు అవతలివాడి ప్రొఫైల్ తెరిచి వాడిది ఏ ఊరో, ఏ కులమో, ఎవరి ఫ్యానో వెతుకుతుంటాం. అప్పుడు చదివేవాడికి కనబడేది ఇద్దరు కొట్లాటగాళ్ళు. వాళ్ళలో ఒకడు నిజం వైపున్నాడని అతనికి ఎలా తెలుస్తుంది?

బెదిరింపులూ, ఆడవాళ్ళ మీద బూతులూ ఈ లెక్కలోకి రావు. వాటికి స్క్రీన్‌షాట్ తీసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యాలి. జవాబు అక్కడ అనవసరం.

2021 మే నెలలో కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం మందు గురించి తెలుగువాళ్ళు రెండుగా చీలి తిట్టుకున్నారు. ఆ తిట్లేవీ దేన్నీ తేల్చలేదు. ఆయుష్ పరిశోధకుల నివేదిక చూసి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నెల 31న కంటిచుక్కలను ఆపి మిగతావాటికి అనుమతిచ్చింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. కాని ఆ రోజుల్లో జ్వరంతో ఆ మందు కోసం నెల్లూరు బండెక్కబోతున్న మేనమామను ఎవరైనా ఆపగలిగి ఉంటే, అది ఫోన్ చేసి ‘మావయ్యా, నా మాట విను’ అనగలిగిన మేనల్లుడే.

మన అసలు పిరికితనం ఉన్నది అక్కడే. ఫ్యామిలీ గ్రూపులో బాబాయి రోజూ పొద్దున్నే విషం ఫార్వర్డ్ చేస్తుంటాడు. మనం మ్యూట్ నొక్కి ఊరుకుంటాం, పండక్కి కలిసినప్పుడు నవ్వుతూ భోజనం చేసి వస్తాం. ఆయనకు మనమంటే అభిమానం ఉంది, మన మాట ఆయన చెవికెక్కే అవకాశం ఉంది, తేడా వస్తే పోయేదీ ఉంది. అందుకే మాట్లాడం. పోయేదేమీ లేనిచోట, ఎవడో తెలియనివాడి మీద సింహాల్లా గర్జిస్తాం. వీధిలో రోడ్డు గుంతలు పడితే మంత్రిగారి పోస్టు కింద వందమందితో గొడవపడతాం. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది, అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాల్సిన బాధ్యత ఆ ఆఫీసు మీద ఉంది. ఆ కాగితం రాసేవాళ్ళు మన వీధిలో ఒక్కరుండరు. గ్రామసభలో కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

కాబట్టి అపరిచితుడికి బదులివ్వకుండా ఫోన్ పక్కన పెట్టినవాణ్ణి చేతకానివాడనడం మానండి. వాడు సొంత బాబాయితో మాట్లాడుతున్నాడా లేదా అని అడగండి.

ఈ వ్యాసం తప్పనిపించినవాళ్ళు పేరూ ఊరూ రాసి, ఏ మాట ఎందుకు తప్పో చెబుతూ పత్రికకు ఉత్తరం రాయండి. తప్పకుండా జవాబిస్తాను.