గనుల తగాదాలో మూడవ కక్షిదారు

ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలదేననీ, రాయల్టీ పన్ను కాదనీ 2024 జులై 25న సుప్రీంకోర్టు ధర్మాసనం 8–1 ఆధిక్యతతో తీర్పు చెప్పినప్పుడు, మా కాలేజీ అధ్యాపకుల గదిలో అభ్యుదయవాదులైన మిత్రులు ఎంతో సంతోషించారు. నేనూ సంతోషించాను. కాని ఆ సంతోషం దగ్గరే ఆగిపోవడం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

కేంద్రం పెత్తనం కట్టుకథ కాదు. ప్రధాన ఖనిజాలపై రాయల్టీ వసూలు చేసుకొనేది రాష్ట్రమే అయినా, 1957 నాటి చట్టం ప్రకారం దాని రేటు నిర్ణయించేది కేంద్రం. అదే ఏడు వచ్చిన బొగ్గు భూముల సేకరణ చట్టాన్ని ఎదిరించి పశ్చిమ బెంగాల్ 1962లో ఓడిపోయింది. రాష్ట్రం ఆస్తిని కేంద్రం బలవంతంగా తీసుకోజాలదని ఆనాడు భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావు. కనుక రాష్ట్రాల ఫిర్యాదు న్యాయమైనదే.

అయితే రాష్ట్రమంటే ఎవరు?

విశాఖ మన్యంలో, బొర్రా ప్రాంతంలో, గిరిజనుల భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చినది ఢిల్లీ కాదు, మన రాష్ట్ర ప్రభుత్వమే. ఆ లీజులు చెల్లవని సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఢిల్లీ ముందు తన హక్కుల కోసం గొంతెత్తే ప్రభుత్వం, కొండమీది మనిషి హక్కు దగ్గరకు వచ్చేసరికి కంపెనీల సరసన నిలబడింది.

ఒడిశాలోని నియమగిరి సంగతి మరింత విశదమైనది. అక్కడి బాక్సైటు తవ్వకానికి 2010లో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. రాష్ట్ర ప్రభుత్వ గనుల సంస్థ, తవ్వి తీరాలని కోర్టుకెక్కింది. కోర్టు 2013లో గ్రామసభలను అడగమన్నది. అడిగిన 12 గ్రామసభలూ వద్దన్నాయి. కేంద్రమూ రాష్ట్రమూ వాదులాడుకొంటున్న చోట, ఎవరూ పిలవని మూడవ కక్షిదారు నోరు విప్పాడు. తగాదా తేలింది అతని మాటతోనే.

"ముందు రాష్ట్రాల హక్కు గెలుద్దాం, పంపకం తర్వాత" అంటారు మిత్రులు. ఈ 'తర్వాత' అన్నమాట మనకు కొత్తదా? దున్నేవానికి భూమి ఎప్పుడని అడిగితే పాలకవర్గాలు చెప్పిన జవాబు ఇదే కదా! 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్న బకాయిలను, 2026 ఏప్రిల్ 1తో మొదలై 12 సంవత్సరాల వాయిదాలలో, రాష్ట్రాలు వసూలు చేసుకోవచ్చునని 2024 ఆగస్టు 14న కోర్టు అనుమతించింది. ఆ సొమ్ములో గనుల గోతుల అంచున బతికేవారి వాటా ఎంత? ఈ ప్రశ్న అడగని రాష్ట్రవాదం, ఒక ఖజానా నుంచి మరొక ఖజానాకు మూటను మోసే కూలి పని తప్ప మరేమీ కాదు.

కేంద్రానికి ఎదురుగా రాష్ట్రం పక్షాన నిలుద్దాం, తప్పదు. కాని గనిలో వాటా అడిగే హక్కూ, గనే వద్దనే హక్కూ గ్రామసభకు ఉన్నవని అదే గొంతుతో చెబుదాం. అందుకు రాష్ట్రం అడ్డుపడితే, రాష్ట్రాన్నీ ఎదిరిద్దాం. విద్యార్థులకు మనం చెప్పవలసిన ఫెడరలిజం ఇదే.