గాజులు అమ్మకండి భాభీ, ముందు షాట్లు లెక్కపెడదాం

మొన్న జుమా నమాజ్ అయ్యాక ఇంటికొచ్చేసరికి మా గల్లీలో ఉండే ఒక భాభీ గుమ్మంలో కూర్చుని ఉన్నారు. కాశీబుగ్గలో జీడిపప్పు కార్ఖానాలో గ్రేడింగ్ పని చేస్తారు. భర్త ఆటో నడుపుతారు. కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. ఆరడుగుల ఒక అంగుళం పొడవు, మాషా అల్లాహ్. కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో వాడే స్టార్.

చేతి రుమాలు విప్పి రెండు జతల బంగారు గాజులు చూపించారు. "భాయ్‌సాబ్, మీరు అఖ్బార్ వాళ్ళు, నాలుగు ఊళ్ళు తిరిగినోళ్ళు. పట్నంలో ఒక అకాడమీ వాళ్ళు లక్షన్నర కడితే ట్రైనింగ్ ఇచ్చి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ ఇప్పిస్తామంటున్నారు. సిరాజ్ వాళ్ళ అబ్బా కూడా ఆటోనే కదా నడిపింది? ఒక్క మాట సీదాగా చెప్పండి. కట్టమంటారా, వద్దంటారా?"

ఆ సవాల్‌కి గుమ్మంలో నిలబడి జవాబివ్వడం జుల్మ్ అవుతుంది. "నాలుగు రోజులు టైమివ్వండి భాభీ" అన్నాను. ఆ నాలుగు రోజుల్లో చూసింది, ఆలోచించింది ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఈ సవాల్ ఒక్క ఇంటిది కాదు.

ముందు సిరాజ్ సంగతి. 2017 ఐపీఎల్ వేలంలో మొహమ్మద్ సిరాజ్‌ని సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు తీసుకుంది. మన ఇళ్ళలో అందరికీ ఈ మాట గుర్తుంది. దానికి ముందు మాట ఎవరికీ గుర్తులేదు. 2016-17 రంజీ సీజన్‌లో హైదరాబాద్ తరఫున ఆయన 41 వికెట్లు తీశాడు. ముందు దేశంలోని మంచి బ్యాట్స్‌మెన్ మీద హునర్ సాబిత్ అయింది, ఆ తర్వాత ధర పలికింది. ఎవరో ముందుగా డబ్బు కట్టించుకుని ఆయన్ని ప్రొఫెషనల్ చేయలేదు.

ఇంకో తేడా కూడా ఉంది. క్రికెట్‌కి మన దేశంలో బజార్ ఉంది, బాస్కెట్‌బాల్‌కి ఇంకా సరిగ్గా లేదు. 2015లో యూబీఏ అని ఒక ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. అందులో హైదరాబాద్ స్కై అని టీమ్ కూడా ఉండేది. 2017 తర్వాత ఆ లీగ్ కనబడలేదు. ఆ తర్వాత ఐఎన్‌బీఎల్ వచ్చింది. మంచిదే, కానీ దాని మీద భరోసా పెట్టుకుని ఇల్లు నడిపే రోజు ఇంకా రాలేదు.

మరి అమెరికా ఎన్‌బీఏ? ముప్పై టీమ్‌లు, టీమ్‌కి పదిహేను మంది చొప్పున లెక్కేస్తే ప్రపంచం మొత్తానికి 450 కుర్చీలు. అమెరికాలోనే పెద్ద కాలేజీ టీమ్‌లకు ఆడి డిగ్రీ పూర్తి చేసే కుర్రాళ్ళలో నూటికి ఒకడు, అటూ ఇటుగా, ఆ గడప తొక్కుతాడు. మన దేశం నుంచి సత్నామ్ సింగ్ భమరా ఉన్నాడు. పంజాబ్‌లోని ఒక పల్లె కుర్రాడు, ఏడడుగుల రెండంగుళాలు. 2015 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే రోజున, డాలస్ టీమ్ 52వ వంతులో అతని పేరు పిలిచింది. భారత్‌లో పుట్టి అక్కడ పేరు పిలిపించుకున్న మొదటివాడు. కానీ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తర్వాత కుస్తీ షోల వైపు వెళ్ళిపోయాడు.

దీన్నిబట్టి కుర్రాడిలో దమ్ము లేదని ఫైసలా ఇచ్చేయాలా? అదీ ఇన్సాఫ్ కాదు. అందుకే మైదాన్‌కి వెళ్ళాను. నేను కోచ్‌ని కాదు కాబట్టి రిటైరైన ఒక పీడీ గారిని వెంట తీసుకెళ్ళాను.

కుర్రాడు మూడు రింగులు వేశాక, "ఇంటర్ కాలేజియేట్‌లో ఒక్క మ్యాచ్‌లో 25 పాయింట్లు కొట్టాను అంకుల్" అన్నాడు. పీడీ గారు ఒక్కటే అడిగారు: "ఎవరి మీద?" అవతలి టీమ్‌లో ఐదడుగుల ఎనిమిది అంగుళాలు దాటినవాడు ఒక్కడూ లేడట.

అసలు కిటుకు అక్కడే ఉంది. మన దగ్గర ఆరడుగుల ఒక అంగుళం అంటే ఊరికే పొడుగు. అందుకని వాణ్ణి రింగ్ కింద నిలబెడతారు. బాల్ అందుకోవడం, వేయడం అంతే. నేషనల్ స్థాయికి పోతే ఆరున్నర, ఏడడుగుల వాళ్ళు రింగ్ కింద ఉంటారు. అక్కడ మన కుర్రాడి పొడవు గార్డు పొడవు. గార్డు అంటే రెండు చేతులతో బాల్ నడపాలి, తల ఎత్తి టీమ్‌ని చూడాలి, 6.75 మీటర్ల గీత బయటి నుంచి వేయాలి. అంటే ఇన్నాళ్ళూ వాడు నేర్చుకున్న పని ఒకటి, ముందు ముందు అడగబోయే పని ఇంకొకటి.

సరే, లెక్కపెట్టాం. గీత బయటి నుంచి 50 షాట్లు వేయిస్తే 17 పడ్డాయి. కోర్టు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించి మళ్ళీ 50 వేయిస్తే 9. ఎడమ చేత్తో బాల్ నడిపిస్తే మూడు సార్లు జారిపోయింది. పీడీ గారు నోట్‌బుక్ మూసి, "కాళ్ళు బాగున్నాయి, డిఫెన్స్‌లో బద్ధకం లేదు, చెప్పింది వింటున్నాడు. షాట్ లేదు, ఎడమ చెయ్యి లేదు" అన్నారు. ఎంత నిజాయితీ ఉన్న మాట! ఇందులో తిట్టు లేదు, తారీఫ్ లేదు.

ఎక్సెప్షన్లు లేవా అంటే ఉన్నాయి. అయిదడుగుల తొమ్మిది అంగుళాల ఐజయా థామస్‌ని 2011లో అందరికన్నా ఆఖరున, 60వ వంతులో తీసుకున్నారు. 2016-17 సీజన్‌లో అతను మ్యాచ్‌కి సగటున 28.9 పాయింట్లు కొట్టాడు. నైజీరియా నుంచి వచ్చిన హకీమ్ ఒలాజువాన్ ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడుతూ టీనేజ్‌లో గానీ బాస్కెట్‌బాల్ పట్టుకోలేదు. హ్యూస్టన్ యూనివర్సిటీకి ఆడి 1984లో మొట్టమొదటి వంతులోనే ఎంపికయ్యాడు. 1995 ఫిబ్రవరిలో రోజాలు ఉంటూనే ఆ నెల ఉత్తమ ఆటగాడు అనిపించుకున్నాడు. ఈ మిసాల్‌లు కుర్రాడికి చెప్పాల్సిందే. కానీ మిసాల్ చూసి మెహనత్ చేయాలి గానీ, మిసాల్ చూసి అప్పు చేయకూడదు.

హునర్ ఉన్నా దర్వాజా తెరిచి ఉండాలన్నది రెండో మాట. అమెరికాలో బిల్కీస్ అబ్దుల్ ఖాదిర్ అనే అమ్మాయి హిజాబ్‌తోనే మెంఫిస్, ఇండియానా స్టేట్ యూనివర్సిటీలకు ఆడింది. 2014లో కాలేజీ ఆట ముగిసి ప్రొఫెషనల్‌గా ఆడాలనుకుంటే, తలపై కప్పు ఉండకూడదని ఫీబా కాయిదా అడ్డొచ్చింది. ఆ కాయిదాని 2017లో మార్చారు. అప్పటికి ఆమె కాలేజీ ఆట ముగిసి మూడేళ్ళయింది. కాబట్టి పిల్లల్ని తూచేటప్పుడు వాళ్ళ చేతుల్ని మాత్రమే కాదు, ముందున్న దర్వాజాని కూడా చూడాలి.

మన కుర్రాడి ముందు తెరిచి ఉన్న దర్వాజాలు ఏవి? మన కాలేజీలు ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీ కింద ఉన్నాయి. ముందు ఆ యూనివర్సిటీ టీమ్‌లో చోటు. తర్వాత సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. అక్కడ చెన్నై, కేరళ కుర్రాళ్ళ ముందు పది పాయింట్లు కొడితే, అది ఇక్కడి 25 కన్నా బరువు. ఆ పైన రైల్వే, సర్వీసెస్, ఇన్‌కమ్ టాక్స్, బ్యాంకుల స్పోర్ట్స్ కోటా. మన దేశంలో బాస్కెట్‌బాల్ ప్లేయర్‌కి చాలావరకు "ప్రొఫెషనల్" అంటే ఇదే: నెలకి జీతం, సాయంత్రం కోర్టు. దాన్ని చిన్నచూపు చూడొద్దు. పైగా దానికి డిగ్రీ కాగితం పనికొస్తుంది. అదీ కుదరకపోతే బీపీఈడీ చేసి మన పిల్లలకే తాలీమ్ ఇవ్వొచ్చు.

నాలుగో రోజు సాయంత్రం భాభీ ఇంటికి వెళ్ళాను. ఆమెకి ఆమె భాషలోనే చెప్పాను. "భాభీ, మీరు కార్ఖానాలో ఒక్క గుండు చూసి బస్తా ధర చెప్తారా? 180 నంబర్ వేరు, 320 నంబర్ వేరు. గింజలు లెక్కపెట్టాకే కదా నంబర్ వేస్తారు. మీ వాడికి ఇంకా నంబర్ పడలేదు. నంబర్ పడకముందే ఎవరో వచ్చి ధర చెప్తున్నాడంటే, వాడు మీ సరుకు కొనడానికి రాలేదు."

"ప్రొఫెషనల్ అంటే ఆడినందుకు డబ్బు తీసుకునేవాడు భాభీ. ఆడటానికి డబ్బు కట్టేవాడు గ్రాహక్. ట్రైనింగ్‌కి ఫీజు అడగడం తప్పు కాదు. ఫీజు తీసుకుని కాంట్రాక్ట్ మాటివ్వడం ధోఖా."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు ఇంకో మాట అడిగాను, అడగాల్సి వచ్చింది. "ఈ గాజులు ఎవరివి?" లోపల తొమ్మిదో తరగతి చదివే కూతురు పుస్తకం ముందు కూర్చుని ఉంది. "దానివే, దాని కోసం దాచినవి" అన్నారు భాభీ నెమ్మదిగా. ఖ్వాబ్ అన్నది, అమానత్ చెల్లెలిది. మన ఇళ్ళలో ఇది ఎంత మామూలు సంగతో మనందరికీ తెలుసు. కొడుకు మీద పందెం వేసేటప్పుడు అందులో కూతురి వాటా ఎంత పోతుందో ఎవరూ లెక్కపెట్టరు. రేపు ఆ పిల్లకి నర్సింగ్ సీటు వస్తే ఏం అమ్ముతాం?

గాజులు మళ్ళీ రుమాల్లోకి వెళ్ళాయి. కుర్రాడికి నా మీద కోపమొచ్చింది. రెండు రోజులు సలామ్ కూడా చెప్పలేదు. మన జిల్లా ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్ పతకం తెచ్చింది. ఈ మట్టిలో దమ్ము లేదని నేననను. దమ్మును తూచకుండా అమ్మొద్దంటున్నాను, అంతే.

నిన్న ఫజర్ తర్వాత వాడు మా ఇంటి ముందు ఆగాడు. చేతిలో బాల్, ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. "అంకుల్, మార్చిలో మళ్ళీ లెక్కపెడతారా?" అన్నాడు. పెడతానన్నాను. 50కి 17 నుంచి ఎంతకొస్తాడో చూడాలి.